వీపు మీది పట్టీ ఎవరు తీస్తారు?

మిరపకాయ మంటతో నొప్పికి మందు చేస్తారంటే మా విభాగంలో కొత్తగా చేరిన డాక్టర్లు నవ్వేవారు. రోగులు మాత్రం నవ్వేవారు కాదు. బొగ్గు గనుల్లో పని చేసి రిటైరైన వాళ్లు, మంథని వైపు నుంచి వరి రైతులు, హుస్నాబాద్ నుంచి కూలీలు మా దగ్గరికి వచ్చేవాళ్లు. అప్పటికే అన్ని రకాల గోలీలూ మింగి, అన్ని రకాల నూనెలూ రాసుకుని వచ్చేవాళ్లు. మిరపకాయ అంటే తలూపి, "పెట్టి చూడు సారు" అనేవాళ్లు.

నేను మత్తు డాక్టరుగా మొదలుపెట్టి, ఉద్యోగంలో రెండో సగమంతా కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి నొప్పుల విభాగంలో గడిపాను. ఆ పనిలోకి రాబోతున్న మీ కోసం ఇది రాస్తున్నాను. మందుల సంగతి పుస్తకాల్లో ఉంది. నేను చెడగొట్టినవి పుస్తకాల్లో లేవు.

నరాల నొప్పి గురించి ముందు ఒక్క మాట. అది ఎక్స్‌రేలో కనపడదు, రక్త పరీక్షలో తేలదు. తోలు మీద మచ్చ కూడా ఉండకపోవచ్చు. గుడ్డ తగిలినా ఒళ్లు జలదరించేంత నొప్పి ఉన్న మనిషి ఇంట్లో అందరి కళ్లకూ మామూలుగానే కనపడతాడు. కొన్నాళ్లకు ఎవరూ నమ్మరు. ఇంకొన్నాళ్లకు చెప్పడం మానేస్తాడు. మన గదిలోకి వచ్చేసరికి అతను చాలాకాలంగా ఒంటరిగా ఉన్న మనిషి. ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

మంట గురించి నేను చెప్పిన మాట

రాజవ్వది మంథని దగ్గర ఊరు. భర్త లేడు, పిల్లలు లేరు. బీడీలు చుట్టి బతికేది. సర్పి వచ్చి తగ్గింది. ఛాతీకి ఒక పక్కన, వెన్నుపూస నుంచి ముందుకు పట్టీలా పొక్కులు లేచే జబ్బును మన వైపు సర్పి అంటారు. ఊళ్లో దాని మీద ఎర్రమట్టి జాజుతో బొమ్మ గీయించుకుంది, పొక్కులు మానాయి. మానిన చోట నొప్పి మాత్రం మిగిలింది. జాకెట్టు తొడగలేదు, గోడకు ఆనుకుని చాట ఒళ్లో పెట్టుకుని కూర్చోలేదు.

ఆమెకు నేను తేలిక రకం మిరప పట్టీ రాసిచ్చాను. ఇది ఇంటి దగ్గర వాడుకునేది. బలమైన రకం వేరే ఉంది. దాన్ని ఆసుపత్రిలోనే, మన కళ్ల ముందే వెయ్యాలి. ముందుగా మొద్దుబార్చే మందు రాసి, పాదాలకైతే అరగంట, మిగతా చోట్ల గంట ఉంచి తీసెయ్యాలి. ఆ మంటకు బీపీ పెరుగుతుంది కాబట్టి చూసుకుంటూ ఉండాలి. ముఖానికి, కళ్ల దగ్గర వెయ్యకూడదు. తేలిక రకానికి అంత తతంగం లేదు. అందుకే మనం దాన్ని తేలిగ్గా తీసుకుంటాం. నేనూ అదే చేశాను.

మొదట రొమ్ము కింద పక్కటెముకల మీద వేయించాను. తోలు బాగా మానిందో లేదో చూశాను. పెట్టె మీద రాసిన గంటలకు మించి ఉంచవద్దని, తీశాక చేతులు సబ్బుతో కడుక్కోవాలని చెప్పాను. బీడీ ఆకు ముట్టే చేతులు కదా, ఆ మాట రెండుసార్లు చెప్పాను. ఆమె అన్నీ పాటించింది. కొన్ని వారాలకు ముందు వైపు నొప్పి సగానికి తగ్గింది.

"ఎనక గూడ ఎయ్యి సారు," అంది. "ముందటికి జర నిమ్మళమైంది. ఎనక కుక్క కరిసినట్టే ఉన్నది."

అప్పుడు బయట జనం బాగా ఉన్నారు. మా ఆసుపత్రి యజమాని, మేమందరం పెద్ద డాక్టరు అని పిలిచే ఆయన, ఆ ఉదయమే నా గదిలోకి తొంగి చూసి, "మన నొప్పి డాక్టరుకు మాటలెక్కువ, పేషెంట్లు తక్కువ" అని నవ్వి వెళ్లాడు. తప్పు ఆయన మీదకు తోయడం సులువు. కానీ ఆ రోజు గంట కొట్టి తరువాతి రోగిని పిలిచింది నా చెయ్యే.

నర్సు సుజాత రాజవ్వ వీపు మీద, రెండు భుజం రెక్కల నడుమ పట్టీ అంటించింది. నేను ముందు చెప్పిందే మళ్లీ చెప్పాను, సగం ఆమె వైపు చూసి, సగం తలుపు వైపు చూసి.

"పొద్దూకె వరకు తీసెయ్యి. మంట అయితది, ఓర్చుకో. మంట అయితేనే పని చేస్తున్నట్టు."

"ఓర్చుకుంట సారు. నాకేమన్న కొత్తనా," అని లేచి పెద్దపల్లి బస్సుకు వెళ్లిపోయింది.

తిరిగొచ్చిన రోజు

వారం దాటాక వచ్చింది. గుడ్డ తొలగించిన సుజాత నన్ను పిలిచిన తీరులోనే నాకు అర్థమైంది. రెండు రెక్కల నడుమ అరచేయంత మేర తోలు లేచిపోయి, చుట్టూ ఎర్రగా వాచి, ఒక అంచున చీము పట్టి ఉంది.

నేను మొదట చేసిన పని ఆమెను తిట్టడం.

"పొద్దూకె వరకు తియ్యమని చెప్పిన్నా లేదా? ఏం చేసినవ్ దీన్ని?"

ఆమె నెమ్మదిగా చెప్పింది. సాయంత్రానికి చెయ్యి వెనక్కి పెట్టి చూసింది, అందలేదు. పైనుంచి పెట్టింది, కింది నుంచి పెట్టింది. గరిటె కాడతో గీరింది. అంచు ఒక పక్క మాత్రమే లేచింది. వేడి నీళ్లు పోసుకుంటే జిగురు వదులుతుందనుకుని కాగు నిండా కాచి వీపు మీద పోసుకుంది.

ఇది చదివే మీకు తెలియాలి. ఈ మందు వేసిన చోట వేడి తగిలితే మంట ఎన్నో రెట్లవుతుంది. వేడి నీళ్లు, కాపడం, ఎండ, పొయ్యి, ఏవీ తగలకూడదు. ఉత్త నీళ్లకు ఈ మందు పోదు కూడా. మిగిలిన మందును వంటనూనె అద్దిన గుడ్డతో తుడిచి, తరువాత సబ్బు, చల్లని నీళ్లతో కడగాలి. ఇందులో ఏదీ నేను ఆమెకు చెప్పలేదు. చెప్పింది ఒక్కటే, మంట అయితేనే పని చేస్తున్నట్టు అని.

"మంట ఎక్కువైంది గద సారు, మంచిగ పని చేస్తున్నదనుకున్న," అంది. "మల్ల ఓర్వలేకపోయిన. వాకిట్ల నిలువుగ పాతిన రాతి కడీ ఉంటది, దానికి వీపు పెట్టి రుద్దుకున్న. పట్టీ ఊడింది. తోలు గూడ ఊడింది."

"మరి ఇన్ని రోజులు ఎందుకు రాలే?"

"మంట కావాలె అన్నవ్ గద."

ఆమె నన్ను దెప్పడం లేదు. నేను చెప్పిన మాట నాకు గుర్తు చేస్తోంది. అయినా నా కోపం చల్లారలేదు. తప్పు నాదని తెలిసినప్పుడు వచ్చే కోపం అది.

"ఇంట్ల ఎవరన్న ఉంటే తియ్యమనొచ్చు గదా?"

రాజవ్వ నా ముఖంలోకి చూసింది. "ఉంటే నీ కాడికి ఒక్కదాన్నే వస్తనా సారు?"

భర్త లేడని, పిల్లలు లేరని ఆమె మొదటిసారి వచ్చినప్పుడే చెప్పింది. ఒక ఒంటరి మనిషికి, ఆమె చెయ్యి అందని చోట, తనంతట తాను తియ్యలేని మందును అంటించి బస్సెక్కించాను. ఇంతే జరిగింది. దీనికి వైద్య పరిభాష ఏమీ అక్కరలేదు.

ఆ పుండు మానడానికి చాలా రోజులు పట్టింది. ఆ రోజుల్లో నాకు మా అమ్మ గుర్తొస్తూ ఉండేది, మేం అవ్వ అనేవాళ్లం. ఆమెకు క్యాన్సర్ ఎముకలకు పాకింది. చివరి నెలలు కరీంనగర్‌లోనే, నా తమ్ముడు సుధాకర్ ఇంట్లో ఉంది. వాడు ఫోన్ చేసి, "అన్నా, అవ్వ నిన్ను అడుగుతున్నది, జర వచ్చిపో" అనేవాడు. నేను నొప్పి ఎంత ఉంది, ఏ మందు ఎంత ఇస్తున్నావు అని అడిగి, కొత్త గోలీలు మనిషితో పంపేవాణ్ని. ఆమెను పక్కకు తిప్పింది, వీపు తుడిచింది వాడు. ఆమె పోయాక, దినం అయిపోయిన రోజు వాడు అందరి ముందు అన్నాడు: "అవ్వకు నొప్పి డాక్టరు దొరికిండు గని, కొడుకు దొరకలే." ఆ మాట నిజం కాబట్టే నాకు కోపం వచ్చింది. ఆనాటి నుంచి మా ఇద్దరికీ మాటలు లేవు. వాడి ఇల్లు మా ఇంటికి ఆటోలో పోయేంత దూరం.

గ్లౌజులు, చలిమంట

రాజవ్వ తరువాత నేను మారిపోయానని రాస్తే బాగుంటుంది. కానీ అలా జరగలేదు.

బలమైన పట్టీ మా ఆసుపత్రికి కొత్తగా వచ్చినప్పుడు, మామూలు రబ్బరు గ్లౌజులు తొడుక్కుని వేశాను. అవి ఈ మందును ఆపవు. నైట్రైల్ గ్లౌజులు కావాలి, అది నాకు తెలుసు కూడా. చేతికి దగ్గరగా ఉన్నవి తొడుక్కున్నాను, అంతే. తీసేటప్పుడు మెల్లగా లోపలికి చుట్టుకుంటూ తియ్యాలి. నేను చటుక్కున లాగాను. కాసేపటికి కన్ను నలుపుకున్నాను. ఆ మధ్యాహ్నమంతా కుళాయి కింద తల పెట్టుకుని గడిపాను. పెద్ద డాక్టరు వరండాలో నిలబడి, "మన నొప్పి డాక్టరు ఏడుస్తున్నడు, ఎవరన్న పోయి ఓదార్చుండ్రి" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నా కన్ను కాబట్టి నవ్వుకోగలిగాం.

విఠల్ విషయంలో నవ్వలేకపోయాం. అతను ఆదిలాబాద్ అవతల, మహారాష్ట్ర సరిహద్దు వైపు పత్తి రైతు. షుగర్ వల్ల పాదాల్లో మంట, తిమ్మిరి. బలమైన పట్టీ పాదాలకు అరగంట వేశాం. గ్లౌజులు సరిగ్గా తొడుక్కున్నాం, బీపీ చూశాం, మిగిలిన మందును దానికోసం ఇచ్చే జెల్‌తో తుడిచాం. వేడి నీళ్లతో కాళ్లు కడగవద్దని చెప్పాం. అంతా పద్ధతిగా చేశామని నాకు తృప్తి. అది చలికాలం.

రెండు పాదాల మీద బొబ్బలతో తిరిగొచ్చాడు. వేడి నీళ్లు ముట్టలేదు. చలిమంట కాడ కూర్చున్నాడు.

"మంట కాడ కూసోవద్దని చెప్పలేదు గద సాహెబ్," అన్నాడు. "ఆదిలాబాద్ల చలికాలం నెగడి కాడ కూసోకుండ ఎవడుంటడు? మీ కరీంనగరోళ్లకు మా చలి ఏమెరుక?"

పక్కనున్న అతని భార్య అందుకుంది. "కాళ్లు దగ్గరికి పెట్టకు, పెట్టకు అని మొత్తుకున్న. నాకు తెలుస్తలేదు, ఇంకింత దగ్గర పెడుత అంటడు."

ఆమె మాటలో అసలు సంగతి ఉంది. అతనికి సెగ తెలియడం లేదు. స్పర్శ తగ్గిన పాదానికి మంట మందు వేసి, వేడికి దూరంగా ఉండమని చెప్పడం చాలదు. ఆ మనిషి పొద్దూకినాక ఎక్కడ కూర్చుంటాడో అడగాలి. మందు పని చేసేది మన టేబుల్ ముందు కాదు, వాళ్ల వాకిట్లో. ఆ వాకిలి ఎలా ఉంటుందో మనకు తెలియదు. అడిగితే చెబుతారు. మనం అడగం.

యారాలు

పుండు మానాక రాజవ్వ మళ్లీ వచ్చింది. వీపు నొప్పి అలాగే ఉంది. గోలీలు వేసుకుంటే కళ్లు తిరిగి ఒకసారి పడింది కూడా. పట్టీయే కావాలంది.

"ఎవరు తీస్తరు?" అన్నాను.

"ఎవరు లేరు."

"పక్కింట్ల?"

"పక్కింట్ల మా యారాలున్నది. నా మొగని తమ్ముని పెండ్లాం, లచ్చవ్వ. దానికి నాకు మాటలు బంద్."

"ఎప్పటి సంది?"

"వాన నీళ్ల కాలువ కాడ లొల్లి అయింది. గప్పటి సంది అంతే, మా ఆయన సచ్చిపోయిన నాడు గూడ గడప దాటి రాలే. సచ్చినా దాన్ని అడుగ."

తీసే చెయ్యి లేకపోతే పట్టీ ఇవ్వనన్నాను. ఈసారి నేను చేసింది సరైనదే, కానీ ఆమెకు అది శిక్షలా తోచింది. "గట్లనే సారు," అని పైట సర్దుకుని, గుడ్డ తగలగానే పళ్లు బిగించి లేచింది. ఇక రాదనుకున్నాను. రాకపోతే నేను చేయగలిగిందేమీ లేదని నాకు నేను చెప్పుకున్నాను. అవ్వకు గోలీలు పంపినప్పుడు కూడా అలాగే చెప్పుకున్నాను.

చాలా వారాల తరువాత వచ్చింది. వరండాలో బెంచీకి ఈ చివర ఆమె, ఆ చివర ఇంకొకామె. ఇద్దరూ వేరువేరు గోడల వైపు చూస్తున్నారు. సుజాత పేరు పిలిస్తే ఇద్దరూ లేచారు.

"ఈమె ఎవరు?" అన్నాను.

"చూస్తలేవా సారు," అంది రాజవ్వ, కిటికీ వైపు చూస్తూ.

రెండో ఆమె నాతో అంది, "ఎట్ల తియ్యాలె నాకు చెప్పు సారు. ఆమెతోని నాకు మాటల్లేవు. నువ్వు చెప్పు, నేను చేస్త."

నేను చెప్పడం మొదలుపెట్టాను. అంచు నుంచి మెల్లగా, లోపలికి చుట్టుకుంటూ తియ్యాలి. గ్లౌజులు తొడుక్కోవాలి. తీశాక కవర్లో కట్టి, పశువులు, పిల్లలు ముట్టనిచోట పారెయ్యాలి. చేతులు సబ్బుతో కడిగేదాకా కన్ను, ముక్కు ముట్టకూడదు.

"ఆమెకు చెప్పు సారు, గోర్లు తీసుకొమ్మని," అంది రాజవ్వ.

"ఆమెకు చెప్పు సారు, సక్కగ కూసొమ్మని. కోడిపిల్ల లెక్క ఎగురకుంట."

"తోలు ఊడినోళ్లకు ఎరుక ఎగిరేది, ఎగురనిది."

"గోడ మీదికెళ్లి చూసిన సారు నేను," అంది లచ్చవ్వ, ఉన్నట్టుండి గొంతు తగ్గించి. "కడీకి వీపు రుద్దుకుంటున్నది, బర్రె రుద్దుకున్నట్టు. ఆమె పిలువలే. నేను పోలే. గా దినం సంది నాకు అన్నం సయిస్తలేదు."

రాజవ్వ కిటికీ వైపే చూస్తోంది.

"మరి ఇప్పుడు ఆమె అడిగిందా?" అన్నాను.

"ఏమడుగుతది? మొన్న పొద్దుగాల వచ్చింది. నా వాకిట్ల వీపు తిప్పి కూసున్నది. నోట్లకెళ్లి ఒక్క మాట లేదు. నేనేం జేస్త, కడుపు కాలదా?"

ఆ తరువాత చాలాకాలం రాజవ్వ మందుకు వస్తూ ఉండేది. వచ్చినప్పుడల్లా అడిగేవాణ్ని, మాటలు కలిశాయా అని. "మాటలు బందే సారు. పట్టీ మాత్రం తీస్తది" అనేది. ఆమె వీపు మీద మళ్లీ ఎప్పుడూ గాయం పడలేదు.

ఆనాటి నుంచి వీపుకు పట్టీ రాసే ముందు నేను అడిగే మొదటి ప్రశ్న అదే అయింది. ఇది ఎవరు తీస్తారు? తడుముకోకుండా పేరు చెప్పేవాళ్లుంటారు. ఇంట్లో ఇంతమంది ఉండి కూడా నేల వైపు చూసేవాళ్లుంటారు. ఆ జవాబు కోసం ఆగండి. బయట ఎంతమంది ఉన్నా ఆగండి.

నా వంతు

నా భార్య పోయాక నేను ఉద్యోగం మానేశాను. మాకు పిల్లలు లేరు. పోయిన ఏడాది నాకూ సర్పి వచ్చింది, వీపున ఎడమ రెక్క కింద. పొక్కులు మానాయి, నొప్పి ఉండిపోయింది. ఇన్నేళ్లు ఇతరుల నోట విన్నదంతా నా వీపు మీదికి వచ్చింది. ఫ్యాను గాలి తగిలితే కూడా తెలిసేది. అది చెప్పడానికి ఇంట్లో మనిషి లేడు.

చివరికి పాత ఆసుపత్రికి వెళ్లాను. సుజాత ఇంకా అక్కడే ఉంది, జుట్టు నెరిసింది. నాకు చికిత్స చేస్తున్న కుర్ర డాక్టరు తేలిక రకం పట్టీ రాశాడు. అది అంటించడానికి గ్లౌజులు తొడుక్కుంటూ సుజాత అడిగింది, "ఎవరు తీస్తరు సార్?"

నేను నేర్పిన ప్రశ్నే. పక్కింటి వాళ్ల పేరు చెప్పబోయాను. వాళ్ల పేరు కూడా నాకు సరిగ్గా తెలియదు.

"మా తమ్ముడు," అన్నాను.

ఆమెకు మా సంగతి తెలుసు. పట్టీ అంటించి, తీసేటప్పటికి ఒక జత గ్లౌజులు కవర్లో పెట్టి చేతికిచ్చింది.

ఇంటికి పోలేదు. పొద్దు వాలేదాకా బస్టాండ్ దగ్గర టీ కొట్టులో కూర్చున్నాను. వీపు కాలడం మొదలైంది. మంట అయితేనే పని చేస్తున్నట్టు అన్న మాట గుర్తొచ్చింది. ఆ మాట చెప్పేవాడికీ వినేవాడికీ మధ్య ఎంత దూరమో అప్పుడు తెలిసింది. సుధాకర్ తలుపు తియ్యకపోతే ఏం చెయ్యాలో నాకు తెలియదు. మా ఇంట్లో రాతి కడీ కూడా లేదు.

ఆటోలో వెళ్లాను. వాడే తలుపు తీశాడు. ముసలివాడైపోయాడు. నన్ను చూసి పక్కకు జరగలేదు, తలుపు వెయ్యనూ లేదు. దారిలో అనుకున్న మాటలు ఒక్కటీ నోట రాలేదు. వరండాలో అవ్వ మంచం ఉండిన చోట ఇప్పుడొక స్టూలు ఉంది. వెళ్లి దాని మీద కూర్చుని, చొక్కా గుండీలు విప్పి, వీపు వాడి వైపు తిప్పాను.

వెనక వాడి చెప్పులు నేల మీద రాసుకుంటూ దగ్గరికి వచ్చాయి.

"గ్లౌజులున్నయా?" అన్నాడు.

కవరు వెనక్కి అందించాను.

"సక్కగ కూసో," అన్నాడు సుధాకర్. "ఎటు పక్కకెళ్లి తియ్యాలె, చెప్పు."